ఇంజనీర్ల పరీక్షలో చెట్టుకు చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అధ్యక్షులకు, సభ్యులకు అనంతపురం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఈ లేఖలో మీకు చేసుకుంటున్న విన్నపం ఒక్కటే. సహాయ ఇంజనీర్ల (ఏఈల) నియామక పరీక్షలోనూ, ఉద్యోగంలో చేరినవారికి మీరు జరిపే డిపార్ట్‌మెంటల్ పరీక్షల్లోనూ ‘చెట్లు - నిర్మాణం’ అనే అంశాన్ని చేర్పించండి. రోడ్డు వేయించేవారికి, మురుగుకాలువ తవ్వించేవారికి, బడి గోడ కట్టించేవారికి చెట్టు వేరు ఎంత దూరం పోతుందో తెలిసి ఉండాలి. తెలుసో లేదో ఎవరో ఒకరు అడగాలి. రాష్ట్ర ఉద్యోగాలకు పరీక్షలు జరిపే బాధ్యతను రాజ్యాంగం 320వ అధికరణం మీ చేతుల్లో పెట్టింది కనుక మీకే రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఇప్పుడు చెట్ల సంరక్షణ నిపుణులకు ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బొరికల్చర్ పెట్టే పరీక్షకు తయారవుతున్నాను. 1924లో అమెరికాలో పుట్టిన సంస్థ అది. నిర్మాణ పనుల వేళ చెట్టును ఎలా కాపాడాలన్నది ఆ పరీక్షలో ప్రత్యేకంగా చదవాల్సిన భాగం. పుస్తకాల నిండా ఓక్, మేపుల్ చెట్లు, మంచుకు గడ్డకట్టే నేలలు. వాటిని చదువుతూ చింత, కానుగ, వేప, మర్రి ఉన్న మా ఎర్రనేలకు అన్వయించుకోవలసి వస్తోంది. చదివేకొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. ఇది ఏ కొద్దిమందో విదేశీ సర్టిఫికెట్టు కోసం చదవాల్సిన విద్య అయి మిగిలిపోకూడదు. మన ఏఈలందరికీ రావాల్సిన విద్య.

ముందుగా మా జిల్లా సంగతి చెప్పాలి. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మా ప్రాంతానికి పేరు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి వట్టిపోతాయి. వేరుశనగ ఎండినా, బోరు ఎండినా, పశువులను సంతకు తోలినా కారణం కరువే. ఆ అలవాటుకొద్దీ రోడ్డు పక్కన చింతమాను ఎండినా కరువే అనేస్తాం. చాలాసార్లు అక్కడ పొరబడుతున్నాం.

పక్కన కాలువ తవ్వినంత మాత్రాన చెట్టు మరునాడే చావదు. వేళ్లు సగం తెగినా, కాండంలో కొమ్మల్లో దాచుకున్న పిండిపదార్థంతో రెండు మూడేళ్లు నెట్టుకొస్తుంది. ఏటేటా ఆకు పలచబడుతుంది. కొనకొమ్మలు ముందుగా ఎండుతాయి. నీరసించిన మానుకు తొలిచే పురుగు పడుతుంది, కాండం అడుగున బూజు చేరుతుంది. మోడయ్యేసరికి అయిదారేళ్లు పట్టవచ్చు. అప్పటికి కాంట్రాక్టరుకు చివరి బిల్లు అంది ఉంటుంది, డిపాజిట్టు వెనక్కి వచ్చి ఉంటుంది, పని చేయించిన ఏఈ బదిలీ అయి ఉంటారు. ఈ మధ్యలో ఏదో ఒక ఏడు వాన తప్పే ఉంటుంది. అందరం ఆకాశం వైపు వేలు చూపిస్తాం. జేసీబీ చేసిన చావు కరువు లెక్కలో చేరిపోతుంది. కారణం ఎప్పటికీ తేలదు కనుక మరుసటి పని కూడా అలాగే సాగుతుంది. నీళ్లు పుష్కలంగా ఉన్న డెల్టాలో వేళ్లు పోగొట్టుకున్న చెట్టు మిగిలిన వేళ్లతో తేరుకునే వీలుంది. మా దగ్గర ఆ వీలు చాలా తక్కువ. అందుకే ఈ చదువు అందరికంటే ముందు మాకు కావాలి.

ఇలా వేళ్లు తెంపేవారిలో చెట్టుపై పగ ఉన్నవారు ఎవరూ లేరు. వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థికి చెట్టు ఎదురయ్యేది నిర్మాణ సామగ్రి పాఠంలో, కలప రూపంలో. కోసిన తర్వాత దాని బలమెంత, తేమ ఎంతుండాలి, ఎలా ఆరబెట్టాలి అని చదువుతాం. నేల మీద నిలబడి ఉన్న చెట్టు మా పాఠాల్లో లేదు. పైగా సాయిల్ మెకానిక్స్‌లో నేలను ఎంత గట్టిగా అణిస్తే అంత మేలని నేర్చుకుంటాం. జాతీయ రహదారుల నిర్దేశాల్లో రోడ్డు కింది మట్టి పొరకు, అంటే సబ్‌గ్రేడ్‌కు, ఉండాల్సిన కనీస పొడి సాంద్రత ఘనపు మీటరుకు 17.5 కిలోన్యూటన్లు, అంటే ఘనపు సెంటీమీటరుకు దాదాపు 1.78 గ్రాములు. ఇసుకపాలు ఎక్కువున్న నేలలో సాంద్రత 1.8 గ్రాములు దాటితే వేరు చొరబడలేదు. బంకనేలలో 1.47 దగ్గరే ఆగిపోతుంది. రోడ్డుకు ప్రాణం పోసే అణచివేతే వేరుకు ఊపిరాడకుండా చేస్తుంది. రెండూ పక్కపక్కనే బతకాలంటే రోలరు ఎక్కడ ఆగాలో గీత గీయడం వచ్చి ఉండాలి. ఇది ఇంజనీరింగ్ ప్రశ్నే. జవాబు కూడా ఇంజనీరింగ్‌లోనే ఉంది.

ఆ గీత ఎక్కడ గీయాలో లోకం చాలాకాలంగా ఆలోచించింది. చెట్టుకు తల్లివేరు పాతాళం దాకా పోతుందని, పక్కన ఎంత తవ్వినా ఫరవాలేదని మనలో చాలామంది నమ్మకం. నిజానికి పెద్ద చెట్ల వేళ్లలో అధికభాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. నీరు తాగే సన్నవేళ్లు ఇంకా పైన, మొదటి అడుగులో. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. కిందే బండ తగిలే మా గరుసు నేలల్లో వాటికి పక్కలే దిక్కు. బ్రిటన్‌లో 2012 నాటి బీఎస్ 5837 ప్రమాణం ప్రకారం, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో కాండం వ్యాసం కొలిచి, దానికి 12 రెట్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, అందులో తవ్వకం, మట్టిపోత, బండ్ల రాకపోకలు లేకుండా కంచె వేయాలి. అమెరికా వాడుకలో కాండం వ్యాసం అంగుళానికి ఒక అడుగు చొప్పున. అదీ 12 రెట్లే.

దీన్ని మన మేస్త్రీకి అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమీ కాదు. వ్యాసం కొలవడానికి ప్రత్యేకమైన టేపు అక్కర్లేదు. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 12ను 3.14తో భాగిస్తే 3.82 వస్తుంది, అంటే గీత దూరం చుట్టుకొలతకు దాదాపు నాలుగు రెట్లు. రొమ్ము ఎత్తులో మాను చుట్టూ ఒక తాడు చుట్టి, ఆ తాడును నేల మీద నాలుగుసార్లు పరిస్తే చెట్టు రక్షణ గీత దొరికినట్టే. చుట్టుకొలత రెండున్నర మీటర్లున్న వేపకు పది మీటర్లు. ఒక తాడు, నాలుగు కొలతలు. గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటు దగ్గర నుంచి చీఫ్ ఇంజనీరు వరకు అందరూ గుర్తుంచుకోదగిన లెక్క ఇది.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. వాటిని కూడా పరీక్షలో అడగాలి. బ్రిటన్ ప్రమాణం వృత్తాన్ని 15 మీటర్ల వ్యాసార్థం దగ్గర ఆపేస్తుంది. అది వాళ్ల చెట్లకు, వాళ్ల వానలకు చేసుకున్న ఏర్పాటు. కదిరి దగ్గరి గూటిబైలులో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న తిమ్మమ్మ మర్రిమాను 1989లో ప్రపంచంలోనే అతిపెద్ద మర్రిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాని నీడ దాదాపు 19,107 చదరపు మీటర్లు, అంటే నాలుగున్నర ఎకరాలకు పైమాటే. ఊడలే కాండాలైన మానుకు ఏ కాండం చుట్టూ తాడు చుట్టాలి? మర్రికి కడపటి ఊడ దాటి, నీడ అంచు దాటి గీత గీయాలి. వాన తక్కువైన చోట వేరు ఎక్కువ మేర వెతుక్కుంటుంది కనుక 12 రెట్లన్నది ఇక్కడ కనీసం మాత్రమే. పరాయి ప్రమాణాన్ని గుడ్డిగా బట్టీ పట్టకుండా, మన మానుకు, మన మట్టికి తగ్గట్టు సరిచూసుకోగల ఇంజనీరు మాకు కావాలి.

వేరు నరకడం ఒక్కటే ప్రమాదం కాదు. మొదలు చుట్టూ గ్రావెల్ ఎత్తుగా పోస్తే వేళ్లకు గాలి ఆడదు. ట్రాన్సిట్ మిక్సరు కడిగిన సిమెంటు నీళ్లు మట్టిలో క్షారం పెంచుతాయి. మాను మొదటికంటా పేవర్ టైల్స్ పరిస్తే, కురిసే ఆ కాస్త వానా వేరుకు అందకుండా కాలువలోకి పోతుంది. మన ఊళ్లలో రావి, వేప చుట్టూ కట్టిన పాత రచ్చకట్టలు చూడండి. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాళ్ల సందుల్లోంచి గాలీ నీరూ కిందికి పోయేవి. ఇప్పుడు అదే కట్టను కాంక్రీటుతో మూసేసి పైన గ్రానైటు పలక పరుస్తున్నాం. ఊరికి అందం చేశామనే అనుకుంటున్నాం. ఢిల్లీలో ఈ తీరు మితిమీరితే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్ 23న ఉత్తర్వు ఇచ్చి, చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. పోసిన కాంక్రీటును కోర్టు ఉత్తర్వుతో పగలగొట్టించడం కంటే పోయకముందే చెప్పడం చవక.

కాలం కూడా ఒక పాఠమే. మాకు వాన ఎక్కువగా పడేది సెప్టెంబరులో. ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టి వేళ్లు తెంపితే, ఆ గాయంతోనే మాను మార్చి, ఏప్రిల్, మే ఎండలు దాటాలి. తప్పనిసరిగా వేరు కోయాల్సి వస్తే వానల ముందు కోయాలి. జేసీబీ పళ్లతో పీకించకుండా రంపంతో నున్నగా కోయాలి. కోసిన చోటును తడి గోనెతో కప్పాలి. తర్వాతి వేసవి అంతా నీళ్లు పెట్టాలి. ఈ నీళ్ల ఖర్చు ఎస్టిమేట్‌లో ఒక పద్దుగా ఉండాలి. ఎస్టిమేట్‌లో లేని పని మన దగ్గర జరగదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మా జిల్లా మట్టికి తగిన ప్రశ్నలు ఎలా ఉండవచ్చో మూడు మాదిరులు రాస్తున్నాను.

ఒకటి: మూడు మీటర్ల చుట్టుకొలత ఉన్న చింతమానుకు అయిదు మీటర్ల దూరంలో సైడు కాలువ ప్రతిపాదించారు. ఇది రక్షణ గీతకు లోపలా, బయటా? లోపలైతే మీ ముందున్న మార్గాలేమిటి? జవాబు: 3.82 రెట్ల లెక్కన గీత దాదాపు పదకొండున్నర మీటర్ల దగ్గర ఉంది. కనుక కాలువ గీతకు లోపలే పడింది. దాన్ని రెండో వైపుకు మార్చడం మొదటి మార్గం. అది కుదరకపోతే ఆ భాగంలో చేత్తో తవ్వి, లావు వేళ్ల కింద నుంచి పైపు తీసుకెళ్లడం రెండోది. ఫైబర్ కేబుళ్లు వేసేవాళ్లు రోజూ చేసే అడ్డంగా తొలిచే పద్ధతిలో, వేళ్లకు బాగా దిగువన గొట్టం దింపడం మూడోది.

రెండు: తాడిపత్రి వైపు నల్లరేగడిలో ఒక ఇంటి గోడ వేసవిలో పగిలింది. నాలుగు మీటర్ల దూరంలో పెద్ద వేప ఉంది. చెట్టు కొట్టేయమని యజమాని కోరుతున్నారు. మీ సలహా ఏమిటి? ఇది తేలిక ప్రశ్న కాదు. వేప నీరు పీల్చడంతో రేగడి ముడుచుకుని గోడ కుంగి ఉండవచ్చు. కానీ చెట్టు కొట్టేస్తే, ఇన్నాళ్లూ అది తాగిన నీరంతా నేలలో నిలిచి, రేగడి ఉబ్బి, గోడను ఈసారి పైకి ఎత్తవచ్చు. మట్టి ఉబ్బు గుణం పరీక్షించకుండా గొడ్డలి ఎత్తడం ఇంటికే నష్టం. కొత్త ఇల్లయితే రేగడి కోసమే రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ రూపొందించిన అండర్-రీమ్డ్ పైల్ పునాది ఉంది. చెట్టూ ఇల్లూ రెండూ నిలుస్తాయి.

మూడు: రోడ్డు వెడల్పు పనిలో నూరు చెట్లు అడ్డొస్తున్నాయి. వీటిని ఏ ప్రాతిపదికన విడదీస్తారు? బ్రిటన్ ప్రమాణంలో నాలుగు తరగతులున్నాయి. కనీసం నలభై ఏళ్లు బతకగల మేలైనవి, ఇరవై ఏళ్లవి, పదేళ్లవి, పదేళ్లు కూడా నిలవలేనివి. మొదటి తరగతికి రోడ్డే పక్కకు జరగాలి. చివరి తరగతి కోసం రోడ్డును ఆపనక్కర్లేదు.

ఈ మూడో ప్రశ్నలోనే, మీకు రాగల అభ్యంతరానికి కూడా జవాబుంది. రోడ్లు వద్దని నేను అనడం లేదు. ఇరుకు రోడ్ల మీద మనుషుల ప్రాణాలు పోతున్నాయి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మొదలై ప్రకాశం వైపు సాగే కొత్త రహదారి, ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం మా ప్రాంతానికి కావలసినవే. నూరు చెట్లలో నూరూ మిగలవు. ఏది ఉంచాలో, ఏది తీసేయవచ్చో కారణంతో చెప్పగలగడమే ఈ విద్య. అది తెలియకపోతే రెండే దారులు మిగులుతాయి. అన్నీ కొట్టేయడం, లేదా అన్నిటి కోసం కోర్టుకెక్కడం. పొరుగున తెలంగాణలో చేవెళ్ల మర్రిచెట్ల కథ చూశాం. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రహదారి వెడల్పులో 900కు పైగా మర్రులు అడ్డొచ్చాయి. విషయం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది, పని ఏళ్ల తరబడి నిలిచింది. చివరికి చాలా మర్రులను ఉంచేలా నమూనా మార్చవలసి వచ్చింది. మొదటి సర్వేలోనే ప్రతి మర్రినీ కొలిచి, తరగతి రాసి, గీత గీసి ఉంటే అటు ప్రయాణికులకూ ఇటు చెట్లకూ అన్నేళ్ల ఎదురుచూపు తప్పేది.

ఇదంతా అటవీశాఖ చూసుకోవాలి కదా అని కూడా అనవచ్చు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. 2015లో కేంద్రం తెచ్చిన హరిత రహదారుల విధానం ప్రాజెక్టు వ్యయంలో ఒక శాతం మొక్కలకు కేటాయించమంటుంది. రెండూ మంచివే. ఒకటి కొట్టేముందు అనుమతి గురించి మాట్లాడుతుంది, రెండోది కొత్తగా నాటడం గురించి. కొట్టకుండా ఉంచిన చెట్టు పక్కన పని ఎలా చేయాలన్నది ఈ రెంటి నడుమ జారిపోతోంది. ఆ చెట్టు తలరాత అటవీశాఖ గుమ్మం తొక్కకముందే ఇంజనీరు డ్రాయింగులో రాసేసి ఉంటుంది. పోయిన మానుకు బదులు పది మొక్కలు నాటుతామంటే, అయిదు వందల యాభై మిల్లీమీటర్ల వానలో ఆ పదింటికీ ట్యాంకరుతో నీళ్లు పోయాలి. పెద్ద చింత ఇచ్చే నీడ, హిందూపురం మార్కెట్‌కు చేరే పండు, మొక్క నుంచి రావడానికి ఒక తరం పడుతుంది. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే మాకు చౌకైన వనమహోత్సవం.

ఇక నా కోరికలు, వరుసగా:

మొదటిది, సహాయ ఇంజనీర్ల సివిల్ పేపర్లో ‘నిర్మాణ స్థలంలో చెట్ల రక్షణ’ను ఒక అంశంగా చేర్చండి. మార్కులు కొద్దిగా ఉన్నా చాలు.

రెండోది, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్, పురపాలక, నీటిపారుదల శాఖల ఇంజనీర్లకు దీన్ని డిపార్ట్‌మెంటల్ పరీక్షగా పెట్టే ప్రతిపాదనను ప్రభుత్వం ముందుంచండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారే రేపటి డ్రాయింగులు గీస్తారు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల ఇంజనీరింగ్ సిబ్బందినీ ఇందులో కలపండి. సీసీ రోడ్డు, కాలువ వాళ్ల కళ్లముందే పడుతున్నాయి.

మూడోది, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పరీక్షలో దీనికి జోడీగా నిర్మాణ డ్రాయింగు చదవడం చేర్చండి. ఇంజనీరుకు వేరు, అటవీ అధికారికి డ్రాయింగు తెలిస్తే ఇద్దరూ ఒక కాగితం మీద మాట్లాడుకోగలరు.

నాలుగోది, సిలబస్ తయారీకి మా దగ్గరున్న జ్ఞానాన్ని వాడుకోండి. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల నేడు జేఎన్‌టీయూ అనంతపురంలో భాగం. రేకులకుంటలో మెట్ట వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. రాజమహేంద్రవరంలో రాష్ట్ర అటవీ అకాడమీ ఉంది. మట్టి, మాను, నిర్మాణం తెలిసిన ఈ మూడు చోట్ల వారినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ప్రశ్నలూ పాఠ్యసామగ్రీ తెలుగులో కూడా ఉండేలా చూడండి. గీత గీసేది ఏఈ అయినా, దాన్ని దాటకుండా చూసుకోవలసింది తెలుగు మాత్రమే చదివే మేస్త్రీ, పొక్లెయిన్ డ్రైవరు.

పరీక్షతోనే అంతా మారుతుందా అని అడగవచ్చు. మన రాష్ట్రంలో సిలబస్‌కు ఉన్న బలం మీకు తెలియనిది కాదు. అందులో ఒక పంక్తి చేరిన నెలకే కోచింగ్ సెంటర్లలో క్లాసు మొదలవుతుంది, గైడు అచ్చవుతుంది, లైబ్రరీ వరండాల్లో కుర్రాళ్లు ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతుంటారు. కొద్ది ఉద్యోగాల కోసం వేలమంది చదువుతారు. ఉద్యోగం రానివారు కూడా కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజనీర్లవుతారు, సొంతంగా ఇళ్లు కట్టిస్తారు. జారీ చేసిన సర్క్యులర్ ఫైల్లో ఉండిపోవచ్చు, చదివిన జవాబు మనిషితోపాటు సైటుకు వెళుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందికి చేరే మార్గం ప్రభుత్వానికి మరొకటి లేదు.

సిలబస్ ఖరారులో శాఖల మాట కూడా చెల్లుతుందని తెలుసు. అందుకే ఈ లేఖ ప్రతిని ఆయా శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్‌లకూ పంపుతున్నాను. తదుపరి ఏఈ నోటిఫికేషన్ వెలువడేలోగా ఈ అంశం మీ సమావేశంలో చర్చకు రావాలని, వచ్చిన నిర్ణయాన్ని, అది కాదనేదైనా సరే, కారణాలతో ప్రజలకు తెలియజేయాలని కోరుతున్నాను. ఆ పరీక్షకు ఎవరు తయారైనా, నా దగ్గరున్న నోట్సంతా తెలుగులో రాసి ఉచితంగా ఇస్తాను.

భవదీయుడు,
ఒక సివిల్ ఇంజనీరింగ్ పట్టభద్రుడు,
అనంతపురం